నాండ్ ఒక్కటే అన్నీ చేస్తది సరే, "వీటితోటి కాదు" అని ఎట్ల ప్రూవ్ చేయాలె?

నల్గొండ_బీఎస్సీ

అందరికీ నమస్తే. నేను నల్గొండల బీఎస్సీ మ్యాథ్స్, కంప్యూటర్స్ చదువుతున్న, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు ప్రపోజిషనల్ లాజిక్ నడుస్తుంది. ఇందుల ఒక కాడ ఆగిపోయిన, జర సమజ్ అయ్యేటట్టు చెప్పుండ్రి.

నాకు తెలిసింది ముందు చెప్తా. ¬ (కాదు), ∧ (మరియు), ∨ (లేదా) మూడు ఉంటే ఏ ట్రూత్ టేబుల్ (నిజం 1, అబద్ధం 0 అని రాసే పట్టిక) ఇచ్చినా ఫార్ములా రాయొచ్చు. టేబుల్ల 1 వచ్చిన వరుసలు పట్టుకొని ఒక్కో వరుసకు ఒక ∧ ముక్క రాసి అన్నీ ∨ తోటి కలిపితే అయిపాయె, ఒక్క 1 కూడా లేకుంటే పి∧¬పి రాస్తే సరి. మల్ల ఆ మూడింటిల ∨ ని ¬, ∧ తోటి చేయొచ్చు కాబట్టి రెండే చాలు. నాండ్ (|, అంటే ∧ కి ¬ పెట్టింది) ఒక్కటున్నా చాలు, అది కూడా చేసి చూసిన, పి|పి అంటే ¬పి వస్తది, (పి|క్యూ)|(పి|క్యూ) అంటే ∧ వస్తది, (పి|పి)|(క్యూ|క్యూ) అంటే ∨ వస్తది. ఇక్కడి దాకా మంచిగనే ఉన్నది.

ఇగ అసైన్‌మెంట్ల ఏమడిగిన్రంటే ∧, ∨, → (అయితే; 1→0 ఒక్కటే 0), ↔ (రెండూ ఒకటే ఉంటే 1) ఈ నాలుగు కలిపితే అన్నీ వస్తయా రావా, ప్రూవ్ చేయి అని. నేను ¬పి తెద్దామని చానా తిప్పలు పడ్డ, పి→పి, (పి→క్యూ)→పి, పి↔(పి∧క్యూ), ఇట్ల ఎన్ని రాసినా వస్తలేదు. రాదు అని అర్థమైతుంది కానీ "నాకు దొరకలే" అని రాస్తే అది ప్రూఫ్ కాదు గదా, నాకు దొరకనిది ఇంకొకరికి దొరకొచ్చు. ఫార్ములాలు చూస్తే అంతు లేనన్ని ఉన్నయ్, అన్నీ రాసి చూసుడు ఎవరితోటి అయితది?

రెండో ప్రశ్న ఇంకా కష్టం, ¬ ↔ రెండే ఇచ్చిన్రు. ఇందుల ¬ ఉన్నది, రెండు వేరియబుల్స్‌ని కలిపే గుర్తు కూడా ఉన్నది, అయినా ∧ వస్తలేదు. మల్ల పుస్తకంల ఒక లైన్ ఉన్నది, ఒంటిగ అన్నీ చేసేటివి నాండ్, నార్ (∨ కి ¬ పెట్టింది) రెండే అని. రెండు ఇన్‌పుట్ల గుర్తులు 16 ఉంటే ఆ రెండే ఎందుకు? కారణం ఏం రాయలే.

---

సూర్యాపేట_బోర్డ్‌రిపేర్

తమ్మీ, థియరీ సంగతి సార్లు చెప్తరు, నేను చేతితోటి చేసేది చెప్తా. నేను ఇన్వర్టర్ బోర్డులు, స్టార్టర్ పానెల్ బోర్డులు రిపేర్ చేస్త. నువ్వు 7400 ఐసీ ఒకటి, బ్రెడ్‌బోర్డ్ ఒకటి కొను, 14 పిన్లు ఉంటయ్, లోపల నాలుగు నాండ్ గేట్లు. 14 కి 5 వోల్టులు, 7 గ్రౌండ్. మొదటి గేటుకు 1, 2 ఇన్‌పుట్, 3 ఔట్‌పుట్. రెండోది 4, 5 ఇన్‌పుట్, 6 ఔట్‌పుట్. మూడోది 9, 10 ఇన్‌పుట్, 8 ఔట్‌పుట్. నాలుగోది 12, 13 ఇన్‌పుట్, 11 ఔట్‌పుట్.

ఇప్పుడు ఎక్సార్ కట్టు. ఏ వైరు 1 కి ఇంకా 4 కి, బి వైరు 2 కి ఇంకా 10 కి. 3 ల నుంచి వచ్చేది 5 కి ఒకటి 9 కి ఒకటి. 6 ని 12 కి, 8 ని 13 కి. 11 కాడ ఎల్‌ఈడీ పెట్టు, దానికి రెసిస్టర్ మర్చిపోకు. ఏ, బి రెండూ వేరే ఉన్నప్పుడే వెలుగుతది, రెండూ ఒకటే ఉంటే ఆరిపోతది. సరిగ్గ నాలుగు గేట్లు, ఒక్క ఐసీల ఒక్కటి కూడా మిగలకుంట సరిపోతది. కాయితం మీద రాస్తే (ఏ|(ఏ|బి))|((ఏ|బి)|బి), మధ్యల ఉన్న ఏ|బి ని రెండు దిక్కుల వాడుకుంటున్నం కాబట్టి నాలుగే అయినయ్. ఇన్‌పుట్ వైరు గాలికి వదిలెయ్యకు, ఈ టీటీఎల్ ఐసీలు వదిలేసిన ఇన్‌పుట్‌ని 1 లెక్క తీసుకుంటయ్, నీ టేబుల్ అంతా తప్పొస్తది.

---

కల్వకుర్తి_కోచింగ్

ఎక్సార్ కూడా యూనివర్సలే (ఒంటిగ అన్నీ చేసేదే) కదా అన్నా, దానికి 1 ఇస్తే నాట్ అయితది, మా నోట్స్‌ల గట్లనే ఉన్నది.

---

పాలమూరు_లెక్కలసారు

బిడ్డా, చానా మంచి ప్రశ్న అడిగినవ్. "దొరకలేదు" వేరే, "ఉండదు" వేరే అని నీకు నువ్వే పట్టుకున్నవ్, లెక్కల ఇది అందరికంటే ముందు తెలవాల్సింది. నేను మహబూబ్‌నగర్ జిల్లాల హైస్కూల్ లెక్కల టీచర్‌గ రిటైర్ అయిన, మా కాలంల పదో తరగతి లెక్కల పుస్తకంల ప్రవచనాలు అనే పాఠం ఉండె, సంయోగం, వియోగం, అనుషంగికం, సత్య పట్టిక అన్నీ అందులనే చెప్పేది. ఆ పాఠంల పిల్లలకు పట్టికలు నింపుడు వస్తుండె గానీ నువ్వు అడిగిన ప్రశ్న ఎవ్వరూ అడగకపోయేది.

అన్ని ఫార్ములాలు చూడనక్కర లేదు. పి, క్యూ రెండూ 1 అయిన వరుస ఒక్కటే తీస్కో. మిగిలిన మూడు వరుసలు చేతితోటి మూసెయ్యి. 1∧1 ఎంత? 1. 1∨1? 1. 1→1? 1. 1↔1? అదీ 1. అంటే ఆ వరుసల నువ్వు మొదలు పెట్టినప్పుడు చేతిల ఉన్నయి అన్నీ 1 లే, ఏ గుర్తు పెట్టి కలిపినా మల్ల 1 నే వస్తది, ఆ వచ్చిన 1 ని ఇంకో 1 తోటి కలిపినా 1 నే. బ్రాకెట్లు ఇరవై పెట్టు రెండొందలు పెట్టు, ఆ వరుసల 0 పుట్టే దారే లేదు. ¬పి కి ఆ వరుసల 0 ఉండాలె. అయిపాయె, ఇదే ప్రూఫ్.

మాటల్ల చూడాలంటే, పి అంటే "సాగర్ల నీళ్లున్నయ్", క్యూ అంటే "ఎడమ కాల్వకు నీళ్లిడిసిన్రు" అనుకో. ఆ రెండూ నిజమైన రోజు నువ్వు "మరియు", "లేదా", "అయితే" లతోటి ఎంత పొడుగు మాట కట్టినా అది నిజమే అయితది. ఆ రోజు అబద్ధం రావాలంటే "కాదు" అనే మాట ఎక్కడనో ఒక కాడ పడాలె.

దీంట్ల ఉన్న పద్ధతి చూడు. ఒక గుణం వెతకాలె. చేతిల ఉన్న ముడిసరుక్కు, అంటే ఒట్టి పి కి, ఒట్టి క్యూ కి ఆ గుణం ఉండాలె. ఇచ్చిన గుర్తులు ఏవి వాడినా ఆ గుణం చెడకూడదు. మనకు కావాల్సిన దానికి మాత్రం ఆ గుణం ఉండకూడదు. జేబుల పది, ఇరవై నోట్లే ఉన్నయనుకో, సరిగ్గ 35 రూపాయలు ఇయ్యమంటే ఎన్ని తీర్ల కలిపినా ఇయ్యలేవ్, అన్ని తీర్లు కలిపి చూడకుంటనే తెలుస్తది, ఎందుకంటే పదితోటి భాగించబడే గుణం కూడితే పోదు. అట్లనే ఇది.

ఇగ రెండోది, ¬ తోటి ↔. ఇక్కడ ఆ మొదటి గుణం పనికి రాదు, ¬ వచ్చి దాన్ని చెడగొడ్తది. వేరే గుణం కావాలె. పి, క్యూ లకు నాలుగు వరుసల పట్టిక రాయి, నిలువు వరుసల ఎన్ని 1 లు ఉన్నయో లెక్కపెట్టు. పి కి రెండు. క్యూ కి రెండు. ¬ పెడితే 1 లు 0 లు అయితయ్, 0 లు 1 లు అయితయ్, అంటే నాలుగుల నుంచి తీసేసుడే, సరి సంఖ్య నాలుగుల నుంచి తీస్తే సరి సంఖ్యే. ↔ అంటే ఎక్సార్‌కు ¬ పెట్టినట్టే కాబట్టి ఎక్సార్ చూస్తే చాలు. ఒక నిలువు వరుసల మ 1 లు, ఇంకో దాంట్ల న 1 లు ఉన్నయ్, రెండింట్ల ఒకటే కాడ ఉన్నవి త అనుకో. ఎక్సార్ చేస్తే ఆ ఉమ్మడి 1 లు రెండు దిక్కుల నుంచి పోతయ్, మిగిలేటివి మ + న − 2త. మ సరి, న సరి, 2త ఎట్లైనా సరి, అంటే వచ్చేది కూడా సరే. కాబట్టి ¬, ↔, ⊕ (ఎక్సార్) లతోటి ఏం కట్టినా నిలువు వరుసల 1 లు సున్నా, రెండు, నాలుగే ఉంటయ్. ∧ కు ఎన్ని? ఒక్కటే, బేసి. రాదు. ∨ కు మూడు, → కు మూడు, అవీ రావు.

కల్వకుర్తి తమ్ముడు అడిగినదానికి జవాబు కూడా ఇందులనే ఉన్నది. ఎక్సార్‌కు 1 ఇస్తే నాట్ అయితది, ఆ మాట నిజమే. కానీ నాట్ వచ్చినంత మాత్రాన ఆండ్ రాదు. ఎక్సార్, నాట్, 0, 1 అన్నీ కలిపి ఇచ్చినా రెండు వేరియబుల్స్ మీద ఎనిమిదే వస్తయ్, 0, 1, పి, ¬పి, క్యూ, ¬క్యూ, పి⊕క్యూ, పి↔క్యూ. పదహారుల సగం. ఎక్సార్ యూనివర్సల్ అని నోట్స్‌ల ఉంటే దాన్ని దిద్దుకో, పరీక్షల బిట్ వస్తది.

---

నల్గొండ_బీఎస్సీ

సార్ చానా థ్యాంక్స్, ఆ మ + న − 2త చూసినంక లైట్ వెలిగినట్టు అయింది, నేను ↔ తోటి ఊకె ∧ కోసం కొట్లాడిన, అసలు బేసి సంఖ్యనే రాదని తెలిస్తే ఎందుకు కొట్లాడుదును. అన్నా మీరు చెప్పిన ఎక్సార్ కూడా కడ్తా, మా ల్యాబ్‌ల 7400 లు ఉన్నయ్.

సార్ ఇంకొకటి, పరీక్షల దీన్ని ఎట్ల రాయాలె? "ఏ గుర్తు పెట్టినా 1 నే వస్తది" అని మాటల్ల రాస్తే మార్కులు ఇస్తరా లేకుంటే ఇండక్షన్ అని రాయాల్నా? మల్ల నాండ్, నార్ రెండే ఎందుకు అనే దానికి కూడా ఇట్లాంటి గుణమే ఉంటదా?

---

వనపర్తి_లాజిక్

నేను లాజిక్ చెప్తా కాలేజీల, నాకు చానా ఇష్టమైన సబ్జెక్టు, అందుకే జర పొడుగు రాస్తున్నా.

ఇండక్షన్ అని రాయమ్మా, ఫార్ములా పొడుగు మీద ఇండక్షన్. మొదలు, ఒట్టి వేరియబుల్ అయితే అన్నీ 1 ఇచ్చినప్పుడు 1 వస్తది. తర్వాత, ఏ, బి అనే రెండు ఫార్ములాలకు ఆ మాట నిజమనుకొని ఏ∧బి, ఏ∨బి, ఏ→బి, ఏ↔బి నాలుగింటికి చూపియ్యాలె. ఐదారు లైన్లు అయితది. సారు చెప్పిందే ఇది, వేరే ఏం కాదు, రూపం మాత్రమే. వేరియబుల్స్ రెండే ఉండాలని రూల్ లేదు, ఎక్కువ వేరియబుల్స్ వాడి ¬పి తెద్దామనుకున్నా అన్నీ 1 పెడితే అదే దెబ్బ తగుల్తది, ఇది కూడా ఒక లైన్ రాస్తే దిద్దేటోళ్లకు సందు దొరకదు.

ఇగ నాండ్, నార్ రెండే ఎందుకు. ఒంటిగ పనిచేసే గుర్తు ఏదో ఉన్నదనుకో, దాని పట్టికల నాలుగు గళ్లు. 1,1 గడిల 1 ఉంటే సారు చెప్పిన మొదటి గుణంల ఇరుక్కుంటది, ¬ రాదు, కాబట్టి ఆ గడిల 0 ఉండి తీరాలె. అదే లెక్క 0,0 గడికి తిప్పి చూడు, అక్కడ 0 ఉంటే 0 ల నుంచి ఎప్పుడూ 0 నే వస్తది, కాబట్టి అక్కడ 1 ఉండి తీరాలె. రెండు గళ్లు ఫిక్స్. మిగిలినవి 0,1 ఇంకా 1,0. వాటికి నాలుగు తీర్లే. రెండూ 1 అయితే నాండ్. రెండూ 0 అయితే నార్. ఒకటి 1 ఒకటి 0 అయితే ఏం వస్తది, రాసి చూడు, ఒకటేమో ఒట్టి ¬పి, ఇంకోటి ఒట్టి ¬క్యూ. అవి పేరుకే రెండు ఇన్‌పుట్లు, ఒక దాన్ని చూడనే చూడవు, వాటితోటి ∧ ఎట్ల వస్తది? పదహారుల పద్నాలుగు పోయినయ్, రెండు మిగిలినయ్, ఆ రెండూ పనిచేస్తయని నీకు ముందే తెలుసు. ఈ సంగతిని జిలిన్‌స్కీ అనే పోలిష్ గణితవేత్త 1925 ల ప్రూవ్ చేసిండు.

చరిత్ర జర చెప్పాలె ఎందుకంటే ఇందుల ఒక న్యాయం కాని సంగతి ఉన్నది. నాండ్ గుర్తును షెఫర్ స్ట్రోక్ అంటరు, హెన్రీ షెఫర్ 1913 ల పేపర్ అచ్చేసిండు కాబట్టి. కానీ అమెరికాలనే చార్లెస్ పియర్స్ 1880 ప్రాంతంలనే ఒక్క గుర్తుతోటి అన్నీ చేయొచ్చని రాసి పెట్టిండు, అచ్చు కాలే, ఆయన పోయినంక చానా ఏండ్లకు 1933 ల ఆయన రచనల సంపుటంల వచ్చింది. అప్పటికి పేరు షెఫర్‌దై పోయింది. షెఫర్ పేపర్‌ల అసలు వాడింది నార్ అర్థంల, నాండ్ సంగతి కింద ఫుట్‌నోట్‌ల ఉన్నది. జాన్ నికో 1917 ల ఈ నాండ్ ఒక్కటే పెట్టుకొని ప్రపోజిషనల్ లాజిక్ మొత్తానికి ఒకటే ఆక్సియమ్, ఒకటే రూల్ చాలని చూపించిండు.

ఇప్పుడు నీకు అసలు కావాల్సింది. "ఇట్లాంటి గుణాలు ఇంకెన్ని ఉన్నయ్, ప్రతి లెక్కకు కొత్త గుణం వెతకాల్నా" అనే ప్రశ్న రావాలె. దానికి జవాబు ఎమిల్ పోస్ట్ ఇచ్చిండు, పోలండ్ ప్రాంతంల పుట్టి చిన్నప్పుడే అమెరికా పోయిండు, చిన్నతనంలనే ఒక చెయ్యి పోయింది, తర్వాత న్యూయార్క్ సిటీ కాలేజీల పాఠాలు చెప్పిండు. 1921 ల ట్రూత్ టేబుల్స్ మీద పేపర్, 1941 ల ఈ గుణాలన్నిటి మీద పెద్ద పుస్తకం. ఆయన తేల్చిందేందంటే గుణాలు ఐదే చూస్తే చాలు. అన్నీ 0 ఇస్తే 0 వచ్చుడు. అన్నీ 1 ఇస్తే 1 వచ్చుడు. ఏదన్న ఇన్‌పుట్ 0 నుంచి 1 కి పెంచితే ఔట్‌పుట్ ఎన్నడూ కింద పడకుండా ఉండుడు, దీన్ని మోనోటోన్ అంటరు, ∧ ∨ ఇట్లాంటివే. ఇన్‌పుట్లు అన్నీ తిరగేస్తే ఔట్‌పుట్ కూడా తిరగబడుడు, సెల్ఫ్ డ్యూయల్. ఐదోది అఫైన్, అంటే ప్రతి ఇన్‌పుట్ అయితే ఎప్పుడు మార్చినా ఔట్‌పుట్ మారాలె, లేకుంటే ఎప్పుడు మార్చినా మారొద్దు, ఎక్సార్ కుటుంబం అంతా ఇది. నీకు ఇచ్చిన గుర్తులు అన్నీ కలిసి ఈ ఐదుల ఏ ఒక్క గుణంల ఇరుక్కున్నా అన్నీ రావు. ఏ దాంట్ల కూడా అందరూ ఇరుక్కోకపోతే, అంటే ప్రతి గుణాన్ని చెడగొట్టేది కనీసం ఒకటి ఉంటే, అన్నీ వస్తయ్. రెండో సగం చూడు, అదే గొప్ప, వెతకకుంటనే "వస్తయ్" అని చెప్పొచ్చు.

రెండో సగం ఎందుకు నిజమో కూడా దాచుకోకుండా చెప్తా, కష్టం కాదు. అన్నీ 0 ఇస్తే 1 ఇచ్చేది ఒకటి ఉన్నది, అన్నీ 1 ఇస్తే 0 ఇచ్చేది ఒకటి ఉన్నది. వీటి ఇన్‌పుట్లు అన్నిటికీ ఒకటే పి ఇచ్చి చూడు, అయితే ¬పి వస్తది, లేకుంటే 0, 1 అనే స్థిరాంకాలు రెండూ వస్తయ్. ¬ వస్తే సెల్ఫ్ డ్యూయల్ కాని దాన్ని పట్టుకొని స్థిరాంకాలు చేసుకోవచ్చు. స్థిరాంకాలు వస్తే మోనోటోన్ కాని దాన్ని పట్టుకో, దాంట్ల ఎక్కడనో ఒక ఇన్‌పుట్ 0 నుంచి 1 కి పోతే ఔట్‌పుట్ 1 నుంచి 0 కి పడే కాడ ఉంటది, మిగతా ఇన్‌పుట్లకు స్థిరాంకాలు పెట్టేస్తే అదే ¬. ఏ దారిల పోయినా ¬, 0, 1 మూడూ చేతికొచ్చినయ్. ఇగ అఫైన్ కాని దానికి స్థిరాంకాలు, ¬ లు తగిలిస్తే ∧ రాల్తది. ¬, ∧ ఉంటే అన్నీ ఉన్నట్టే.

ఒక జాగ్రత్త. సారు చెప్పిన సరి సంఖ్య లెక్క రెండు వేరియబుల్స్ కాడ అఫైన్‌కు సరిగ్గ సరిపోతది. మూడు వేరియబుల్స్‌కు పోతే సరిపోదు, మెజారిటీ అంటే మూడుల రెండు 1 లు ఉంటే 1 వచ్చేది, దానికి ఎనిమిది వరుసల నాలుగు 1 లు ఉంటయ్, అయినా అది అఫైన్ కాదు.

ఆ మెజారిటీకి ¬ పెట్టి చూడు, మైనారిటీ అనుకో. అన్నీ 0 ఇస్తే 1, అన్నీ 1 ఇస్తే 0. రెండు ఇన్‌పుట్ల లెక్కన చూస్తే ఇది ఒంటిగ చాలాలె, కానీ చాలదు, ఎందుకంటే ఇది సెల్ఫ్ డ్యూయల్. రెండు ఇన్‌పుట్ల కాడ సెల్ఫ్ డ్యూయల్ అయ్యేటివి పి, క్యూ, ¬పి, ¬క్యూ నాలుగే కాబట్టి అక్కడ ఆ గుణం అంతగ అడ్డం రాదు, మూడు ఇన్‌పుట్లకు పోతే వస్తది. కానీ దీనికి ఒక ఇన్‌పుట్ల 0 పెట్టి బిగించు, మిగిలిన రెండింటి మీద నాండ్ అయి కూర్చుంటది, 1 పెట్టి బిగిస్తే నార్. నాకు ఈ ఒక్క ఫంక్షన్ చూస్తే ఇప్పటికీ సంబురం అయితది.

---

సూర్యాపేట_బోర్డ్‌రిపేర్

మేడం మంచిగ చెప్పిన్రు. నార్ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలె, చంద్రుని మీదికి పోయిన అపోలో కంప్యూటర్ మొత్తం లాజిక్ నార్ గేట్లతోటే కట్టిన్రు, మూడు ఇన్‌పుట్ల నార్ ఒక్కటే రకం. మనుషులు పోయిన బ్లాక్ 2 కంప్యూటర్‌ల 2,800 దాకా ఐసీలు, ఒక్కో దాంట్ల రెండు గేట్లు. రకరకాలు పెట్టకుంట ఒకటే ఐసీ వేలకు వేలు చేపిస్తే టెస్టింగ్ సులువు, చెడిపోయే రకాలు తక్కువ. మా రిపేర్ లైన్ల కూడా ఇదే, ఒకటే రకం ఐసీ ఉంటే స్పేర్ పెట్టుకునుడు సులువు.

ఇప్పటి చిప్‌లల్ల ఎక్కువ నాండ్ దిక్కే మొగ్గుతరు. సీమాస్‌ల రెండు ఇన్‌పుట్ల నాండ్‌కు నాలుగు ట్రాన్సిస్టర్లు, ఆండ్ కావాలంటే నాండ్ చేసి దాని ఎన్క ఇన్వర్టర్ పెట్టాలె, ఆరు. అంటే మనం ఆండ్ ముందు, నాండ్ తర్వాత అనుకుంటం, సిలికాన్‌ల నాండే ముందు. నార్‌కు కూడా నాలుగే కానీ దాంట్ల పీ రకం ట్రాన్సిస్టర్లు ఒకదాని ఎన్క ఒకటి సిరీస్‌ల వస్తయ్, అవి మామూలుగనే నిదానం, సిరీస్‌ల పెడితే ఇంకా నిదానం, సరిచేయాలంటే సైజు పెంచాలె.

---

కల్వకుర్తి_కోచింగ్

ఎక్సార్ సంగతి అర్థమైంది సార్, నోట్స్‌ల దిద్దిన. మరి ఫోన్ మెమరీని నాండ్ ఫ్లాష్ అంటరు గదా, అది ఇదేనా?

---

సూర్యాపేట_బోర్డ్‌రిపేర్

పేరు అక్కడి నుంచే వచ్చింది. నాండ్ గేట్ల కింది ట్రాన్సిస్టర్లు సిరీస్‌ల ఉన్నట్టు ఆ మెమరీ సెల్స్ ఒకదానికొకటి సిరీస్‌ల ఉంటయ్. దాచిపెట్టే పనే చేస్తది, లాజిక్ లెక్కలు చేసేదానికి కాదు.

---

నల్గొండ_బీఎస్సీ

మేడం, ఐదు గుణాలు పెట్టుకొని కొన్ని చేసి చూసిన, సరి ఉన్నయా చెప్పుండ్రి.

→ ఒక్కటే అయితే అన్నీ 1 ఇస్తే 1, రాదు. → కి ⊕ కలిపితే వస్తది, ఎందుకంటే పి⊕పి అంటే 0, మల్ల పి→0 అంటే ¬పి, ¬ కి → ఉంటే ¬పి→క్యూ అంటే ∨ వచ్చేసింది. ∧ కి ⊕ కలిపితే రాదు, రెండూ అన్నీ 0 ఇస్తే 0 నే. దానికి 1 కలిపితే వస్తది. పి∧¬క్యూ అనే గుర్తు ఒక్కటుంటే రాదు, 0 ల కాడ 0 ఇస్తది, దానికి కూడా 1 కలిపితే 1∧¬క్యూ అంటే ¬క్యూ అయి అన్నీ వస్తయ్.

ఇగ ఆఖరిది. ఒకటి చాలే సెట్లు చూసిన, రెండు కావాల్సినవి చూసిన. మూడు ఉంటేనే అయి, ఒక్కటి తీసేసినా పడిపోయే సెట్ ఉంటదా? ∧, ∨, ¬ కాదు, ∨ తీసేసినా నడుస్తది గదా.

---

వనపర్తి_లాజిక్

అన్నీ సరిగ్గున్నయ్ తమ్ముడూ. ∧, ⊕, 1 దాన్ని ఇంకొకసారి చూడు, నీ చేతిలనే మూడు సభ్యుల సెట్ ఉన్నది.

---

పాలమూరు_లెక్కలసారు

మేడం సూచన ఇచ్చిన్రు, నేను దాని చెల్లెలు లాంటిది చేసి పెడ్తా, ∧, ↔, 0. పి↔0 అంటే ¬పి, ∧ ఉండనే ఉన్నది, కాబట్టి అన్నీ వస్తయ్. ఇప్పుడు ఒక్కోటి తీసెయ్యి. 0 తీసేస్తే మిగిలిన ∧, ↔ రెండూ 1 ల కాడ 1 నే ఇస్తయ్, ¬ రాదు. ↔ తీసేస్తే ∧, 0 మిగుల్తయ్, రెండూ మోనోటోన్, ఇన్‌పుట్ పెరిగితే ఔట్‌పుట్ పడదు, మల్ల ¬ రాదు. ∧ తీసేస్తే ↔, 0 మిగుల్తయ్, ¬ వస్తది గానీ నిలువు వరుసల 1 లు సరి సంఖ్య దాటవు, ∧ రాదు. మూడు తీసివేతలకు మూడు వేర్వేరు గుణాలు అడ్డం పడ్డయ్ చూడు. ∧, ⊕, 1 కు కూడా ఇట్లనే మూడు రాయి, కానీ అక్కడ 1 తీసేసినప్పుడు అడ్డం పడేది 1 ల గుణం కాదు, 0 ల గుణం. రెండు ఇన్‌పుట్ల గుర్తుల తోటి, స్థిరాంకాలు ¬ కూడా కలుపుకున్నా, నాలుగు కావాల్సిన సెట్ మాత్రం ఉండదు, మూడుకే ఆగుతది.